కాలమ్ పదకొండు

మార్చి రెండో వారం.
ఉదయగిరి దాటి వరికుంటపాడు దారిలో
నా స్కూటీ, ఒక నీళ్ళ సీసా,
అట్టకు క్లిప్పు పెట్టిన నలభై ఫారాలు.
చెరువులు లెక్కపెట్టే పని నాది, మూడు నెలలకు.
"అయ్యి యాడికన్నా పోతాయా మే, లెక్కబెట్టేదానికి?"
అనింది అమ్మ, చద్ది కడుతూ.

మొదటిది ఎర్రకుంట.
దాని పేరు బస్టాపు గోడ మీద ఉంది,
చిల్లరంగడి బోర్డు మీద ఉంది,
ఊళ్ళో అందరి రేషన్ కార్డుల్లో ఉంది.
అది మాత్రం లేదు.
ఉన్న చోట జామాయిల్ చెట్లు వరసగా నిలబడి
నన్ను చూడనట్టే ఆకులు రాలుస్తున్నాయి.
కట్ట ఎక్కడని అడిగితే
"నువ్వు నిలబడింది దాని మీదేనమ్మా" అన్నాడు అంగడాయన.
ఎందుకో
కాళ్ళు కాస్త పక్కకు జరుపుకున్నాను.

రెండోదీ మూడోదీ సర్కారు తుమ్మ.
నాలుగోదానికి తూమన్నా దొరికింది.
ఇనుప తలుపు మీద ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాలు,
ఏదో దొరల ఊరి పేరు, సగం తుప్పు తినేసింది,
మిగతా సగం వేలితో తడిమి చదివాను.
వాళ్ళ దేశంలో ఏడాదంతా ముసురేనంట.
గట్టున పచ్చిక మీద గొడుగులేసుకుని కూర్చుంటారంట
నీళ్ళను ఊరికే చూసేదానికి.
మా మెట్టలో నీళ్ళను ఊరికే చూసినోళ్ళు లేరు.
ఎన్ని తడులకొస్తాయోనని
వేళ్ళు మడుస్తూ చూసినోళ్ళే.

కాలమ్ ఏడు: ఆయకట్టు ఎన్ని ఎకరాలు.
కాలమ్ తొమ్మిది: అలుగు పొడవు.
కాలమ్ పదకొండు: వాడుకలో ఉందా.
ఉంటే 1. లేకుంటే 2.
మధ్యాహ్నానికి ఫారాల నిండా రెండ్లు,
మెడ వంచి నిలబడ్డ కొంగల్లాగా,
చుక్క నీళ్ళు లేని చోట.

ఐదోదానికి పోతూ దారి తప్పాను.
పామూరు రోడ్డు వేసేటప్పుడు
మట్టి తవ్వుకుపోయిన గుంత,
పోయిన తుఫాను నీళ్ళు మోకాటి బంటి,
అందులో నాలుగొందల బాతులు,
ఒకటే గోల.

అల్లూరు పక్కనుంచి వచ్చాడంట శీనయ్య.
ఆడ ఇంకా కోతలు కాలా.
బాతుల్ని మళ్ళోకి తోలితే ఊరుకుంటారా.
కోతలయ్యేదాకా మెట్టలో నీళ్ళున్న చోటల్లా తిరుగుతాడు,
అచ్చం నాలాగే, కాయితాల్లేకుండా.
కలిగిరి దగ్గర రెండు బాగుండాయంట.
కొండాపురం పైన ఒకటి, నురుగు పట్టింది, పోవద్దన్నాడు.
"మడుసులు నీళ్ళుండాయంటే నమ్మబాకమ్మా.
బాతు దిగితే సాలదు.
తల ముంచాల. తల ముంచితేనే నీళ్ళు."
అంటూనే వెదురుగడ చివర గుడ్డపేలిక ఊపాడు.
నాలుగొందల తలలు ఒక్కసారి మునిగి
నాలుగొందల తోకలు ఆకాశం వైపు లేచాయి.
నాకు నవ్వాగలేదు.

జాబితాలో లేని నీళ్ళకు ఫారం లేదు.
ఎర్రకుంట కాయితం తిరగేసి
వెనక గీతలు గీసుకున్నాను.
చెరువు పేరు?
"గుంతకు పేరేందమ్మా."
ఎవరు తవ్వించారు?
కంకర కాంట్రాక్టరని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు.
ఆయకట్టు సున్నా. తూము సున్నా. అలుగు సున్నా.
శీనయ్య తొంగి చూసి
"గుడ్లు పెడతా ఉండావే" అన్నాడు.

పదకొండు దగ్గర పెన్ను ఆగింది.
నెలకో నెలన్నరకో ఇదీ ఎండిపోతుంది.
అప్పటికి ఈ కాయితం నెల్లూరు ఆఫీసులో
ఏ బీరువా అడుగునో ఉంటుంది.
ఒకటి వేశాను.
నిటారుగా, కాస్త గట్టిగా,
కాయితం అవతలి పక్క ఎర్రకుంటకు పొడుచుకునేంత గట్టిగా.

బయల్దేరుతుంటే శీనయ్య
నా హెల్మెట్‌లో గడ్డి పరిచి రెండు గుడ్లు పెట్టాడు.
ఉత్త తలతోనే ఇంటిదాకా వచ్చాను,
గుంతల దగ్గర ఊపిరి బిగబట్టుకుంటూ.
అమ్మ వాటిని దీపం ముందు పెట్టి తిప్పి చూసింది.
పలచటి ఆకుపచ్చ.
"ఏ చెరువుయ్యే ఇయ్యి?" అనింది.

హెల్మెట్‌కి వారం పాటు బురద వాసన పోలేదు.